ఆటలో అరటిపండు
(పిల్లల మనసులు – జట్టు ఆటలు)

బడిలో అక్షరం దిద్దకముందే వీధిలో నేను నేర్చిన తెలుగు మాట ‘తొండి’. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. మా వీధిలో తెలుగువారి ఇళ్లు, మా ఇళ్లు గోడకు గోడగా ఉండేవి. ఒక సాయంకాలం గోలీలాటలో నేను గీత దాటి చేయి ముందుకు జరిపినప్పుడు, తోటివాడొకడు వేలు చూపి ఆ మాట అన్నాడు. దాని అర్థం నాకెవరూ చెప్పలేదు. చుట్టూ ఉన్న నలుగురి ముఖాలు చూడగానే అది తెలిసిపోయింది. చెవులు వేడెక్కాయి. గోలీ వెనక్కి తీసుకొని మళ్లీ వేశాను. సిగ్గు అనే భావాన్నీ, దానికి చేసుకోవలసిన పరిహారాన్నీ ఒక్క నిమిషంలో నేర్చుకున్నాను. తరువాత అదే భాషలో ఎం.ఏ. పట్టం పుచ్చుకొని నేడు మీకు బోధిస్తున్నాను గాని, ఆ పాఠమంత త్వరగా మరే పాఠమూ నాకు పట్టుబడలేదు.

పిల్లల ఆటలను మనం సాధారణంగా రెండు విధాలుగా చూస్తాము. శరీరానికి వ్యాయామమని కొందరు మెచ్చుకుంటారు. చదువుకు ఆటంకమని కొందరు విసుక్కుంటారు. ఈ రెండు అభిప్రాయాలలోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే జట్టు ఆటకు మరొక ప్రయోజనం ఉన్నది. కోపం, భయం, అసూయ, అవమానం, సానుభూతి మొదలగు భావాలు పిల్లవానికి అనుభవంలోకి వచ్చి, వాటితో నలుగురి మధ్య ఎట్లా మసలుకోవాలో తెలిసే మొదటి స్థలం ఆటస్థలమే. ఆ విషయాన్ని మనకు తెలిసిన ఆటల ఆధారంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒంటరి ఆట నుండి జట్టు ఆట వరకు

పుట్టిన బిడ్డ వెంటనే జట్టులో ఆడలేడు. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు శిశుపాఠశాలలోని పిల్లలను పరిశీలించి, వారి ఆటలో కొన్ని దశలను గుర్తించినది. మొదట పిల్లవాడు ఒంటరిగా ఆడుకుంటాడు. తరువాత ఇతరుల ఆటను పక్కన నిలబడి చూస్తాడు. ఆపైన ఇద్దరు పిల్లలు పక్కపక్కనే కూర్చుండి ఎవరి ఇసుక గూడు వారు కట్టుకుంటారు. కొంతకాలానికి ఒకరి చిప్ప ఒకరు తీసుకుంటారు, మాట కలుపుతారు. చివరకు ‘నీవు నీళ్లు తే, నేను గోడ కడతాను’ అని పని పంచుకొని, ఒకే ఉద్దేశంతో ఆడతారు. ఒంటరితనం నుండి ఈ పొత్తు వరకు గల దూరం పెద్దలకు చిన్నదిగా కనిపించవచ్చు. పిల్లవానికి అది పెద్ద ప్రయాణం. ఎదుటివాడికి కూడా తనవంటి ఇష్టానిష్టాలు ఉన్నవని ఆ ప్రయాణంలోనే వానికి తెలిసివస్తుంది.

ఒక్కొక్క ఆట, ఒక్కొక్క భావం

మన పల్లెలలోను, బస్తీలలోను తరతరాలుగా వస్తున్న ఆటలను ఈ దృష్టితో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

ఆట మొదలుకాకముందే ‘పంటలు’ వేసుకోవడం ఉన్నది. పిల్లలు అరచేతులు పైకో కిందికో వేస్తారు. తక్కినవారికి భిన్నంగా వేసినవాడు పండి బయటపడతాడు. చివరకు మిగిలినవాడు దొంగ. దొంగ కావడం ఎవరికీ ఇష్టముండదు. అయినా నేరం చేయకుండానే ఆ పేరు మోయడానికి ప్రతి పిల్లవాడూ ముందుగానే ఒప్పుకుంటాడు. ఇష్టం లేని వంతు వచ్చినప్పుడు దానిని నెరవేర్చడమనే గుణం ఇక్కడ మొదలవుతుంది.

దాగుడుమూతలు భయంతో స్నేహం చేయిస్తుంది. చీకటి మూలలో ఊపిరి బిగబట్టి దాగిన పిల్లకు రెండు కోరికలు ఒకేసారి ఉంటాయి: దొరకకూడదు, తనను మరచిపోనూకూడదు. దొంగ ఎంతకూ రాకపోతే తానే తల బయటపెట్టి చూస్తుంది. ‘నన్ను ఎవరైనా వెదుకుతున్నారు’ అన్న నమ్మకం ఆ భయాన్ని తియ్యగా మారుస్తుంది. మన ఉర్దూ పిల్లలు దీనినే ఆంఖ్ మిచౌలీ అంటారు. ‘వీరీ వీరీ గుమ్మడిపండు’ ఆటలో కళ్లు మూయబడిన పిల్ల తనను తాకి వెళ్లినదెవరో చెప్పాలి. అడుగుల సవ్వడి, గాజుల చప్పుడు, ఆపుకోలేని నవ్వు – వీటిని బట్టి తోటివారిని గుర్తుపట్టాలంటే, అంతకుముందు వారిని శ్రద్ధగా గమనించి ఉండాలి.

నాలుగు స్తంభాలాట మరింత సూక్ష్మమైనది. నలుగురు నాలుగు స్తంభాలను పట్టుకొని నిలుస్తారు, నడుమ దొంగ. ఇద్దరు స్థానాలు మార్చుకోవాలంటే నోటితో చెప్పుకోరాదు, దొంగ వింటాడు. కళ్లతోనే ఒప్పందం కుదరాలి. ఒకడు కదిలి రెండవవాడు కదలకపోతే, కదిలినవాడు పట్టుబడతాడు. ఎదుటివాని చూపులోని ఉద్దేశాన్ని చదవడం, మాట ఇవ్వకుండానే ఇచ్చిన మాటను నిలుపుకోవడం ఈ ఆటకు ప్రాణం.

ఓటమిని గూర్చి చెప్పవలసినది కబడ్డీ. కూతకు వెళ్లి పట్టుబడినవాడు ‘చచ్చినవాడు’. గీత బయట కూర్చుంటాడు. కాని తన జట్టువాడు ఎదుటివారిలో ఒకరిని చంపితే వీడు బ్రతికి మళ్లీ లోపలికి వస్తాడు. అంతవరకు తాను కసిపెట్టుకొన్న తోటివాడే ఇప్పుడు తనకు ప్రాణదాత. ఓటమి శాశ్వతం కాదనీ, తన గెలుపు ఇతరుల చేతిలో కూడా ఉన్నదనీ పదేళ్ల బాలునికి ఇంత తేటగా చెప్పగల ఉపన్యాసం నాకు తెలియదు.

ఇక గుజ్జనగూళ్లు, బొమ్మల పెళ్లిళ్లు. పెద్దలు వీటిని చూసి నవ్వుకుంటారు గాని, మనస్తత్వశాస్త్రజ్ఞులు వీటికి గొప్ప స్థానమిచ్చారు. రష్యన్ పండితుడు వైగోట్‌స్కీ 1933లో ఆటను గురించి చేసిన ప్రసంగంలో ఒక చక్కని ఉదాహరణను ప్రస్తావించాడు: ఇద్దరు అక్కచెల్లెళ్లు ‘అక్కచెల్లెళ్ల ఆట’ ఆడుకుంటారు. నిజజీవితంలో తాము అక్కచెల్లెళ్లమన్న ధ్యాస వారికి ఉండదు. ఆటలో మాత్రం అక్క ఎట్లా ఉండాలో, చెల్లెలు ఎట్లా నడుచుకోవాలో ఆలోచించి మరీ నడుచుకుంటారు. కల్పితమైన ఆటలోనూ నియమముంటుందని ఆయన చూపించాడు. మన బొమ్మల పెళ్లిలో అలిగే వియ్యపురాలి వేషం వేసిన పిల్ల, ఇంట్లో తాను చూసిన ఒక కోపాన్ని బయటినుండి చూడగలుగుతున్నది. ఏడ్చే బిడ్డగా నటించేవాడు తన ఏడుపును తానే పరిశీలించుకుంటున్నాడు. చెప్పుకోలేని బాధకు ఆట ఒక వేషమిచ్చి బయటికి రప్పిస్తుంది.

నియమం ఎవరిది?

ఆటలోని నియమాలను గురించి శ్రద్ధగా విచారించినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే. పిల్లల నైతిక విచక్షణను గురించి 1932లో ప్రకటించిన గ్రంథం కొరకు ఆయన జెనీవా, నూషాటెల్ పట్టణాలలో గోలీలాడే బాలుర వద్దకు వెళ్లి, తనకు ఆట తెలియనట్లు నటించి, నేర్పమని అడిగాడు. చిన్నపిల్లలు నియమాలను మార్చరాని శాసనాలుగా భావించారు. వాటిని తండ్రులో, దేవుడో చేసి ఉంటారన్నారు. వింతేమంటే, అంత పవిత్రమని చెబుతూనే ఎవరికి తోచినట్లు వారు ఆడారు. పది పన్నెండేళ్ల బాలురు మాత్రం ‘అందరం ఒప్పుకుంటే మార్చుకోవచ్చు’ అన్నారు. అట్లా ఒప్పుకొన్న నియమాన్ని నిష్ఠగా పాటించారు. నియమం తమదైనప్పుడే వారికి దానిపై గౌరవం కలిగినదని అర్థం.

మన పిల్లల భాషలో ఇందుకు సాక్ష్యాలు కొల్లలు. నియమం తప్పితే ‘తొండి’. స్నేహం తెగితే ‘కటీఫ్’, ఉర్దూలో ‘కట్టీ’. తిరిగి కలిస్తే ‘దోస్తీ’. అభియోగం, బహిష్కారం, సంధి – ఈ వ్యవహారాలన్నిటికీ వారి వద్ద ఒక్కొక్క మాట సిద్ధంగా ఉన్నది. మధ్యాహ్నం కటీఫ్ చెప్పుకొన్న ఇద్దరు సాయంకాలానికి దోస్తీ కావడం మనం చూస్తూనే ఉంటాము. మూడవవాడు లేకపోతే ఆట సాగదు గనుక వారు కలుస్తారు. ఆట కొనసాగాలన్న కోరికే వారిని రాజీకి నడిపిస్తుంది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. గత వేసవి సెలవులలో మన విద్యార్థులు కొందరు, కమిటీ పెద్దల అనుమతితో, కళాశాల వెనుక ఖాళీ స్థలంలో చుట్టుపక్కల బస్తీల పిల్లలను చేర్చి కొన్ని ఆదివారాలు ఆటలాడించారు. నేనూ వెళ్లేవాడిని. మొదటి ఆదివారం ఏడు పెంకులాట. బంతి ఒకనికి తగిలినదా, లేదా అని తగవు వచ్చినది. పదిమంది ఒక్కసారి అరుస్తుంటే నేను నడుమకు వెళ్లి, గంభీరంగా తీర్పు చెప్పాను. అరుపులు ఆగాయి. ఆట కూడా ఆగిపోయినది. ఓడిన జట్టు ముఖాలు ముడుచుకొని ఇంటికి వెళ్లింది. గెలిచినవారికి తోడు లేక వారూ వెళ్లిపోయారు. మరుసటి వారం సరిగ్గా అటువంటి తగవే వచ్చినది. ఈసారి నేను కదలకుండా వేపచెట్టు కింద కూర్చున్నాను. అరుపులు చాలాసేపు సాగాయి. నాకు లేచి వెళ్లాలని చేతులు దురద పుట్టాయి. చివరకు తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె, ‘తగిలినట్టూ కాదు, తగలనట్టూ కాదు, మళ్లీ వేద్దాం’ అన్నది. అందరూ ఒప్పుకున్నారు. మగ్రిబ్ అజాన్ వినిపించేవరకు ఆట సాగినది. న్యాయం నా తీర్పులోనే ఎక్కువ ఉండవచ్చు. కాని ఆ పిల్ల మాటలో ఆట బ్రతికినది.

ఆటలో అరటిపండు

తెలుగు పిల్లలు కనిపెట్టిన మాటలలో నాకు అన్నిటికన్న ప్రియమైనది ఈ శీర్షికలోని మాట. జట్టులో మరీ చిన్నవాడొకడు ఏడుస్తూ వచ్చి తననూ చేర్చుకోమంటాడు. వానిని చేర్చుకుంటే ఆట చెడుతుంది. పొమ్మంటే వాడు ఏడుస్తాడు. అప్పుడు పిల్లలు వానిని ‘అరటిపండు’ చేస్తారు. వాడు అందరితో పరుగెత్తుతాడు, దాగుతాడు, కేరింతలు కొడతాడు; వాడు దొరికినా దొంగ కాడు. ఉర్దూలో ఇటువంటివానికి ‘కచ్చా నీంబూ’ అని పేరు. చిన్నవాని మనసు నొప్పించకుండా, పెద్దవారి ఆట చెడకుండా కుదిర్చిన ఈ ఏర్పాటు వెనుక ఎంత దయ, ఎంత తెలివి ఉన్నవో ఆలోచించండి. దీనిని ఏ ఉపాధ్యాయుడూ వారికి నేర్పలేదు.

అయితే ఈ ఏర్పాటుకు ఒక హద్దు ఉన్నది. మా వేసవి ఆటలకు ఏడేళ్ల బాలుడొకడు వచ్చేవాడు. పని కొరకు వేరే జిల్లా నుండి వచ్చిన కుటుంబం వారిది. తక్కిన పిల్లలు మాట్లాడే దక్కనీ ఉర్దూ వానికి రాదు. రెండు ఆదివారాలు గోడకు ఆనుకొని చూస్తూ నిలబడ్డాడు. మా విద్యార్థిని ఒకామె వానిని చేయి పట్టుకొని లాగబోతే మరింతగా గోడకు అతుక్కున్నాడు. మూడవ వారం బంతి దొర్లి వాని కాళ్ల వద్దకు వచ్చినది. వాడు దానిని తీసి విసిరాడు. అప్పటినుండి దూరంగా పోయిన బంతిని తెచ్చి ఇవ్వడం వాని పని అయినది. పిల్లలు వానిని అరటిపండుగా చేర్చుకున్నారు. నేను సంతోషించాను. మరో రెండు వారాలకు ఒక సాయంకాలం బంతి వాని వీపుకు తగిలినది. అలవాటు ప్రకారం ఎవరూ లెక్కపెట్టలేదు. వాడు పరుగు ఆపి, రొప్పుతూ, తనకు కొత్తగా వచ్చిన నాలుగు ఉర్దూ మాటలు కూర్చుకొని, ‘నేనూ ఔట్’ అన్నాడు. అని, తానే వెళ్లి బయట కూర్చున్నాడు. వాని ముఖంలో ఓడినవాని ఛాయ ఏమాత్రమూ లేదు.

దయతో లోపలికి రావడం మంచిదే. కాని ఏ పిల్లవాడూ కలకాలం దయమీద ఉండగోరడు. ఓడిపోయే హక్కు దొరికిననాడే వాడు జట్టులో నిజమైన సభ్యుడు. కుంటివాడనో, నత్తివాడనో, మరొక భాషవాడనో, మరొక పేటవాడనో మనం ఒక పిల్లవానిని జాలితో పక్కన కూర్చుండబెట్టినప్పుడెల్లా ఈ మాట జ్ఞాపకం ఉంచుకోవాలి. వానికి తగినట్లు నియమాన్ని కొంచెం సవరించి, లెక్కలోనికి తీసుకోవడమే సరియైన గౌరవం.

పోటీ వలన కలిగే కీడు

జట్టు ఆటలన్నీ మేలే చేస్తాయని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే సాంఘిక మనస్తత్వశాస్త్రజ్ఞుడు అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రంలో ఒక వేసవి శిబిరం నిర్వహించాడు. పదకొండేళ్ల ప్రాయంలోని 22 మంది బాలురను రెండు జట్లుగా విడదీసి, బేస్‌బాల్, తాడులాగుడు వంటి పోటీలు పెట్టి, గెలిచిన జట్టుకు బహుమతులు ప్రకటించాడు. కొద్ది రోజులలోనే తిట్లు, జెండాలు కాల్చడం, ఒకరి బసలపై ఒకరు దాడులు మొదలైనవి. ఇద్దరినీ ఒకచోట కూర్చుండబెట్టి భోజనం పెడితే ఆహారం విసురుకున్నారు. శిబిరానికి నీరు వచ్చే మార్గం చెడినప్పుడు, లారీ కదలక అందరూ కలసి తాడు పట్టి లాగవలసి వచ్చినప్పుడు క్రమంగా పగ తగ్గినది. ఈ తగవులను ప్రయోగకర్తలే ఎగదోశారని తరువాతివారు విమర్శించారు. ఆ విమర్శను అంగీకరించినా, నేర్చుకోదగినది మిగిలే ఉన్నది: పెద్దలు బహుమతిని నడుమ పెట్టి ఎప్పుడూ ఒకే విధంగా జట్లు విడదీస్తే, ఆట శత్రుత్వానికి బడి అవుతుంది. అందుచేత జట్లను ప్రతిసారి మార్చాలి. పేటనుబట్టి, మతాన్నిబట్టి, మాధ్యమాన్నిబట్టి జట్టు కట్టనీయరాదు. అందరూ కలిస్తేగాని సాధ్యంకాని ఆట రోజుకొకటైనా ఉండాలి.

పెద్దలు చేయవలసినది

పిల్లలను ఆడించగోరే విద్యార్థుల కొరకు, మా అనుభవంలో నిలిచిన మూడు ఆటలను చెబుతాను. పన్నెండు మంది పిల్లలు చాలు.

మొదటిది దుప్పటి ఆట. పాత దుప్పటిని అందరూ అంచుల వద్ద పట్టుకొని, నడుమ బంతి వేసి, కిందపడకుండా ఎగురవేయాలి. ఎన్నిసార్లు ఎగిరినదో లెక్కపెట్టి, మరుసటిసారి తమ లెక్కను తామే దాటాలి. ఒకడు గట్టిగా లాగితే బంతి పోతుంది. తన బలాన్ని తగ్గించుకోవడం కూడా సాయమేనని వానికి బోధపడుతుంది.

రెండవది గంతల నడక. ఇద్దరిద్దరుగా చేరి, ఒకరు కళ్లకు గంతలు కట్టుకుంటే రెండవవారు మాటతోనే చెట్టు, రాయి తప్పించి నడిపిస్తారు. తరువాత స్థానాలు మారాలి. అల్లరికి తప్పుదారి చెప్పినవాడు తన వంతు వచ్చినప్పుడు చాలా మెల్లగా నడుస్తాడు. అప్పుడు మనం ఏమీ అననక్కరలేదు.

మూడవది ముఖం చూసి మనసు చెప్పే ఆట. చీటీలపై కోపం, భయం, అసూయ, సిగ్గు, సంతోషం అని వ్రాసి మడిచి వేయాలి. చీటీ తీసినవారు మాట లేకుండా అభినయించాలి, తక్కినవారు ఊహించాలి. ‘ఇటువంటి ముఖం ఎప్పుడు చూశారు?’ అని అడిగితే చాలు. ఇంటి సంగతులు చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరాదు. చెప్పినవానిని చూసి ఇతరులు నవ్వకుండా చూడవలసిన బాధ్యత మాత్రం పెద్దవారిది.

తగవు వస్తే ఎంతవరకు ఊరకుండాలి? దెబ్బలాట, పేరుపెట్టి వెక్కిరించడం, ఒకే పిల్లను పదేపదే వెలివేయడం – ఈ మూడింటిలో ఏది కనిపించినా వెంటనే కలుగజేసుకోవాలి. తక్కిన తగవులన్నిటిలో కొంత ఓర్పు వహించడమే మేలు.

ఆడపిల్లలను గురించి ప్రత్యేకంగా ఒక మాట. 1976లో జానెట్ లీవర్ అనే పరిశోధకురాలు అమెరికాలోని బడిపిల్లల ఆటలను పోల్చి, బాలురు తగవులు తీర్చుకొని ఆట సాగిస్తారనీ, బాలికలు స్నేహం చెడుతుందని ఆటనే ఆపివేస్తారనీ వ్రాసినది. ఇది బాలికల లోపం కాదనీ, అనుబంధానికి వారు ఇచ్చే విలువ అనీ 1982లో కారల్ గిల్లిగన్ వాదించినది. మన వద్ద చిక్కు వేరు: పది, పన్నెండేళ్లు రాగానే ఆడపిల్లకు ఆటే ఉండదు. మా వేసవి ఆటలకు ఒక పిల్ల చంటి తమ్ముని చంకనెత్తుకొని వచ్చి, చూసి పోయేది. పిల్లలే ఉపాయం ఆలోచించారు: ఔటైనవారు ఆ బిడ్డను ఎత్తుకోవాలి. ఆ పిల్ల ఆడినది, బాగా ఆడినది.

మనవి

ఆటస్థలం పిల్లలకు మనం పెట్టే భిక్ష కాదు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం విశ్రాంతిని, ఆటను బాలల హక్కుగా ప్రకటించినది. మన దేశం 1992లో ఆ ఒడంబడికలో చేరినది. 2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాలకు ఉండవలసిన వసతులలో ఆటస్థలాన్ని చేర్చినది. అయినా మన బస్తీలలో సందులు వాహనాలతో నిండిపోయాయి. ఇంట్లో పిల్లవాని చేతికి ఫోను అందుతున్నది. ఫోనులోని ఆటలో తొండి చేస్తే ముఖం చూసేవారెవరూ ఉండరు.

కాబట్టి విద్యార్థినీ విద్యార్థులకు నా మనవి: మీలో చాలామంది రేపు ఉపాధ్యాయులవుతారు, అందరూ తల్లిదండ్రులవుతారు. పిల్లలకు ఆట నేర్పడానికి ముందు, పియాజే వలె వారినే నేర్పమని అడగండి. కమిటీ పెద్దలకు నా ప్రార్థన: వేసవిలో ఇచ్చిన ఆ ఖాళీ స్థలాన్ని ఏడాది పొడుగునా ఆదివారం సాయంకాలాలు రెండు గంటలు బస్తీ పిల్లలకు తెరిచి ఉంచండి. దానికి గేటు తాళం తప్ప వేరే వ్యయం లేదు. గోడకు ఆనుకొని చూస్తున్న పిల్లలు మన బస్తీలలో ఇంకా ఉన్నారు. వారు కూడా ఒకనాడు రొప్పుతూ వచ్చి, ‘నేనూ ఔట్’ అని సగర్వంగా చెప్పుకోవాలి.